రూపకుండము – నందారాజయాత్ర

హిమవత్పర్వతమందలి గఢవాలదేశమున, 7,120 మీటర్ల యెత్తుగల త్రిశూలశిఖరమునకు దిగువను, సముద్రమట్టమునకు 5,000 మీటర్లకుఁ బైఁబడిన స్థలమున నొక చిన్న కొలను గలదు. దానికి రూపకుండమని పేరు. సంవత్సరమున నధికభాగము అది మంచుతోఁ గప్పఁబడి యుండును. వర్షర్తువు కడపట మంచు కరఁగినపుడు దాని యొడ్డునను నీటిలోను మనుష్యుల యస్థులును కపాలములును బయలుపడును. 1942 వ సంవత్సరమున నటవీశాఖోద్యోగి యగు హరికిషన్ మధ్వాల్ వీనిని గాంచి లోకమునకుఁ దెలిపెను. అప్పటినుండి ఈ మృతు లెవ్వరు, ఎప్పుడు, ఎట్లు మరణించిరి యను ప్రశ్న పండితులను విడువలేదు. దీనికి సాక్ష్యములు రెండు. ఆ దేశీయులు తరతరములుగాఁ బాడుకొనుచున్న పాట యొకటి. ఆ యస్థులే రెండవది. ఈ రెండింటి బలాబలములు ఇచ్చట విచారింపఁబడును.

రూపకుండము దారికి దూరమైన తావు గాదు. అది నందాదేవి యాత్రామార్గమున నున్నది. గఢవాల కుమాయూను దేశముల వారికి నందాదేవి ఇలవేల్పు. వారి భావనలో నామె పార్వతియే. కాని జగన్మాతగాఁ గంటె నింటి యాఁడుబిడ్డగా నామెను వా రెక్కువగాఁ దలంతురు. కైలాసము ఆమెకు నత్తవారిల్లు. గఢవాల గ్రామములు పుట్టినిల్లు. యాత్ర యనఁగాఁ గూఁతును అత్తవారింటికిఁ బంపుట. ఆంధ్రదేశమున నప్పగింతలవేళ నెట్టి దుఃఖము గలుగునో యట్టి దుఃఖముతో నచ్చటి స్త్రీలు దేవిని సాగనంపుదురు. పాటలు పాడుచుఁ గన్నీరు విడుతురు. గాజులును వస్త్రములును తినుబండములును సారెగా నిత్తురు. మార్గమధ్యమున దేవి దప్పిగొని యీ కొలనిలో నీరు త్రావఁబోయి తన రూపమును జూచుకొన్నదనియు, అందువలన దీనికి రూపకుండమను పేరు గలిగినదనియుఁ జెప్పుదురు.

ఈ యాత్రకు దేశభాషలో నందారాజజాత్ అని పేరు. జాత్ అనునది సంస్కృత యాత్రాశబ్దమునుండి పుట్టినది. పదాదియందలి యకారము ప్రాకృతమున జకారమగుట వ్యాకరణజ్ఞులకుఁ గ్రొత్త గాదు. తెలుఁగునందలి జాతర యను పదమును దీనికి సోదరమే. పూర్వము గఢవాలరాజులు దీనిని నడపినందున రాజశబ్దము చేరినదందురు. కాంసువాగ్రామమందలి రాజవంశీయులగు కుంవరులును, నౌటీగ్రామమందలి నౌటియాల్ బ్రాహ్మణులును దీనికిఁ బెద్దలు. పండ్రెండేండ్ల కొకమాఱు యాత్ర జరుగవలెనని నియమము. కాని జరిగిన సంవత్సరములఁ జూడఁగా 1968, 1987, 2000, 2014 అని యున్నవి. నియమమునకును ఆచరణమునకును నడుమ నంతరము స్పష్టము. 2013 వ సంవత్సరమున జరుగవలసిన యాత్ర, ఆ జూను నెలలోఁ గేదారనాథమును ముంచిన వరదల కారణమున మఱుసటి యేఁటికి వాయిదా పడెను.

నౌటీనుండి బయలుదేఱి హోమకుండమునకుఁ బోయి మరలి వచ్చుటకు సుమారు 280 కిలోమీటర్ల నడక. దాదాపిరువది దినములు పట్టును. నాలుగుకొమ్ముల పొట్టే లొకటి ముందు నడచును. దాని వీఁపునఁ గానుకలు కట్టి, హోమకుండమున దానిని విడిచిపెట్టుదురు. అది యొంటరిగా మంచుకొండలవైపు సాగి దేవితోఁ గైలాసమును జేరునని జనుల విశ్వాసము.

యాత్రాకాలము భాద్రపదమాసము. 2014 లో నది ఆగష్టు 18 వ తేదిని మొదలై సెప్టెంబరు 6 వ తేదిని ముగిసెను. వానకాలమున నింతటి యెత్తున కేల పోవలయునను సందేహము సహజము. కారణము కొండలలోనే యున్నది. శీతకాలమునఁ గనుమలు మూసికొని పోవును. వేసవిలోఁ గూడ రూపకుండమునకుఁ బైనున్న వాలులు మంచుతోఁ గప్పఁబడి యుండును. ఆ మంచు మిక్కిలి తఱిగి దారి తెఱపి యిచ్చునది శ్రావణ భాద్రపదములయందే. అనఁగా దారి తెఱచు ఋతువును వాన కురియు ఋతువును ఒక్కటే. యాత్రికుఁడు మంచునుండి తప్పించుకొనఁగోరి వానకుఁ జిక్కును. ఈ సంగతిని మనసునం దుంచుకొనక రూపకుండచరిత్రమును విచారించుట వ్యర్థము.

కడపటి గ్రామము వాణ్. దాని యెత్తు సుమారు 2,400 మీటర్లు. అచ్చట నందాదేవికి సోదరుఁడని యెన్నఁబడు లాటూదేవతకు గుడి గలదు. అందుండి దేవికిఁ ద్రోవ చూపువాఁ డతఁడే. వాణ్ దాఁటిన పిమ్మట దారి దట్టమైన యడవిలోఁ బ్రాఁకును. వానకాలమున నా యడవి జలగలకు నిలయము. వాఁగులు పొంగి యుండును. బురదలోఁ గాలు జాఱును. సుమారు 3,300 మీటర్ల యెత్తునఁ జెట్లు నిలిచిపోవును. ఆపై నున్నవి పచ్చికబయళ్లు. వానిని దేశీయులు బుగ్యాళ్లందురు. వానిలో మొదటిది బేదినీ బుగ్యాల్. అచ్చటి కొలనియొద్దఁ బితృతర్పణము చేయుదురు. ఆ మీఁదట వరుసగాఁ బాతర్ నచౌనీ, కైలూవినాయకము, బగువాబాసా యను మజిలీలు గలవు. బ్రహ్మకమలములు పూయునది యీ ఋతువున నీ వాలులమీఁదనే. దేవికి నవియే పూజాపుష్పములు. బగువాబాసాకుఁ బైన రాళ్లును మంచును దప్ప వేఱొండు లేదు. రూపకుండమును జేరి, దానిమీఁది జ్యూంరాగలీ యను నిఱుకుకనుమ నెక్కి, ఆవలివైపున శిలాసముద్రమునకు దిగి, త్రిశూల నందాఘుంటీ శిఖరముల నడుమనున్న హోమకుండమును జేరవలయును.

ఈ మార్గమున వాన యొక తీరుగా నుండదు. అడవిలో వానగా నున్నది బుగ్యాలులో మంచుతెరగా మాఱును. ఇంకను బైన వడగండ్లుగానో హిమముగానో రాలును. దక్షిణమునుండి తేమతో వచ్చు గాలి గోడవలె నిలిచిన కొండను దాఁకి పైకెగయును. బలముగా నెగయు నా గాలిలో నీటిబిందువులు గడ్డకట్టి, పడుచు లేచుచు, పొరమీఁదఁ బొర చేరి పెద్దవై, గాలి మోయలేనపుడు క్రిందఁ బడును. చెట్టు లేని చోట, గుహ లేని చోట, ఒకవైపు నిలువుకొండయు నొకవైపు లోయయునున్న చోట వడగండ్లవాన పట్టుకొన్న మనుష్యునకుఁ దల దాఁచుకొనఁ దావుండదు. రూపకుండ మట్టి చోటు.

ఇఁక నచ్చటి పాట చెప్పు కథ యిది. పూర్వము కనౌజునఁ, అనఁగాఁ గాన్యకుబ్జమున, జసధవళుఁడను రాజుండెను. అతని రాణి పేరు బలంపా. రాజ్యమునకుఁ గీడు మూఁడఁగా, దేవి కోపము తీర్పఁగోరి రాజు యాత్రకుఁ బూనుకొనెను. కాని నియమమును బాటింపక, నిండుచూలాలగు రాణిని, సేవకజనమును, నర్తకులను వెంటఁ దీసికొని వచ్చెను. పవిత్రభూమిలో నర్తకులచే నాటలాడించెను. ఆ నర్తకులు పాతర్ నచౌనీయొద్ద రాళ్లైరి. మీఁదఁ గొంతదూరమున రాణి ప్రసవించి భూమి నపవిత్రము చేసెను. దేవి క్రోధించి జ్యూంరాగలీయొద్ద నినుపగుండ్లవంటి వడగండ్లు కురిపింపఁగా రాజును బరివారమును నశించి, వారి దేహములు కొలనిలోనికి జాఱిపడెను. ఈ కథకుఁ బాఠభేదములు గలవు. కాని నియమభంగము, దేవికోపము, వడగండ్లు అను మూఁడంశములు స్థిరముగా నున్నవి.

స్థలనామములు కథను బలపఱచునట్లు కనఁబడును. పాతర్ నచౌనీ యనఁగా నర్తకు లాడిన చోటు. పాతర్ అనునది పాత్రశబ్దభవము. సంగీతరత్నాకరమందు నర్తకికిఁ బాత్రమను వ్యవహారము గలదు. నచౌనీ యనునది నృత్యశబ్దముయొక్క ప్రాకృతరూపమునుండి వచ్చినది. జ్యూంరాగలీ యనఁగా మృత్యుమార్గమని దేశీయులు చెప్పుదురు. కాని యిచ్చట నొక జాగ్రత్త వలయును. కథవలనఁ బేరు పుట్టినదో, పేరువలనఁ గథ పుట్టినదో పేరే చెప్పఁజాలదు. వ్యుత్పత్తి శబ్దముయొక్క పుట్టుకను దెలుపును గాని సంఘటనముయొక్క సత్యమును దెలుపదు. వ్యాకరణ మెఱిఁగినవారే యీ హద్దు నెక్కువగాఁ బాటింపవలయును.

అస్థులు బయలుపడిన తొలినాళ్లలో నూహలు పెక్కు పుట్టెను. అది మహాయుద్ధకాల మగుటచే, దొంగచాటుగా వచ్చిన జపానుసైనికు లేమో యని యధికారులు శంకించిరి. అస్థులు ప్రాఁతవని తేలఁగా నా శంక తొలఁగెను. టిబెట్టుపై దండెత్తి 1841 డిసెంబరులోఁ దక్లాకోటు సమీపమున నిహతుఁడైన డోగ్రాసేనాపతి జోరావర్ సింగుయొక్క సైనికులని కొందఱనిరి. ఢిల్లీసుల్తాను పంపిన సైన్యమని మఱికొంద ఱనిరి. సేన యగుచోఁ బురుషులే యుండవలయును, ఆయుధసామగ్రియు నుండవలయును. ఇచ్చట స్త్రీల యస్థులును గలవు. సేనకుఁ దగిన యాయుధసామగ్రి లేదు. కావున నీ వాదములు నిలువలేదు.

1950 ల దశకమున నీ విషయమును శ్రద్ధతో విచారించినవారిలో నొకఁ డాంధ్రుఁడు. ఆయన స్వామి ప్రణవానందులు; పూర్వాశ్రమనామము కనకదండి వేంకటసోమయాజులు; జన్మస్థలము గోదావరీమండలము. కైలాసమానససరోవరప్రాంతమునఁ బెక్కేండ్లు సంచరించి, యచ్చటి నదీజన్మస్థానములను బరిశోధించి, కలకత్తా విశ్వవిద్యాలయము 1939 లోఁ బ్రకటించిన టిబెట్టుపరిశోధనగ్రంథమును వ్రాసిన మహనీయుఁ డాయనయే. ఆయన రూపకుండమునకుఁ బలుమాఱు పోయి, యస్థులను వస్తువులను బరీక్షించి, యివి జసధవళుని యాత్రిక పరివారమునకుఁ జెందినవని నిర్ణయించెను. సేనావాదమును విడిచి యాత్రావాదమును గ్రహించుట యాయన చేసిన మేలు. పాటను బామరుల కల్పనయని త్రోసివేయక సాక్ష్యముగాఁ జేకొన్నవారిలో నాయన ముఖ్యుఁడు.

2004 వ సంవత్సరమునఁ బరిశోధకులసంఘ మొకటి రూపకుండమునకుఁ బోయెను. అస్థులయందలి కర్బనమున నొక భాగము మరణానంతరము నియతక్రమమునఁ దఱుఁగుచుండును. ఆ తఱుఁగుదలను లెక్కించి కాలమును నిర్ణయింతురు. ఆ పరీక్షవలన క్రీ. శ. 850 ప్రాంతమని తేలెను. కొన్ని కపాలములపై నిలువుగాఁ బైనుండి పడిన గుండ్రని వస్తువు తాఁకి పగిలిన గుర్తులు గలవు. ఆ గాయములు మానిన జాడ లేదు. కత్తిదెబ్బయు బాణపుదెబ్బయు నిట్లుండవు, వడగండ్లదెబ్బ యిట్లుండును. పాటలోని యినుపగుండ్లును కపాలములపై గాయములును సరిపడినవని లోకమున సంతోషము గలిగెను. సమస్య తీరినదని పెక్కుఱు తలంచిరి.

తీరలేదు. హైదరాబాదునందలి సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ యను సంస్థలో, లాల్‌జీ సింగ్ మహాశయుని కాలముననే, 72 అస్థిపంజరముల జన్యుపదార్థమును బరీక్షింప నారంభించిరి. అందు భారతదేశీయులతోఁ బాటు పశ్చిమదేశీయుల వంశచిహ్నములు కనఁబడెను. తరువాత దేశవిదేశముల పరిశోధకులు చేరి 38 మంది యస్థులను సమగ్రముగాఁ బరీక్షించి 2019 లో ఫలితములను బ్రకటించిరి. అందు 23 మంది దక్షిణాసియావంశీయులు, 14 మంది తూర్పు మధ్యధరాప్రాంతపు వంశీయులు, నేఁటి గ్రీసు క్రీటు వాసులకు సన్నిహితులు, ఒక్కఁడు ఆగ్నేయాసియావంశీయుఁడు. దక్షిణాసియా వారందఱు నొక్క నాఁడు చచ్చినవారు గారు. వారిలో నొకని కాలము క్రీ. శ. 675–769 నడుమఁ బడఁగా మఱియొకనిది 894–985 నడుమఁ బడుచున్నది. మధ్యధరావంశీయులును ఆగ్నేయాసియావంశీయుఁడును వారికి సుమారు వేయియేండ్ల వెనుక, ఇంచుమించుగా క్రీ. శ. 1800 ప్రాంతమున మరణించిరి. పరీక్షింపఁబడినవారిలో సన్నిహితబంధువు లెవ్వరును లేరు. దక్షిణాసియావారి యాహారము నొక్కతీరుది గాదు. కావున వారు వేఱువేఱు తావులనుండి వచ్చినవారై యుందురు.

ఇందువలన నేమి తేలినది? ఒక్క రాజు, ఒక్క పరివారము, ఒక్క వడగండ్లవాన యను నిర్ణయము సమష్టిగా నిలువదు. కాని పాట యబద్ధమని చెప్పుటయుఁ దగదు. వ్యాకరణమున నుత్సర్గవిధికి నపవాదము గలిగినపుడు ఉత్సర్గము నశింపదు. అపవాదవిషయమును విడిచి మిగిలినచోటఁ బ్రవర్తించును. అట్లే 1800 ప్రాంతపు పరదేశీయుల విషయమునఁ బాటకుఁ బ్రసక్తి లేదు. పూర్వపు మృతులయందో, అది యింకను విచారణార్హమే. ఆ మార్గమునకు సమీపమున నున్న దేవాలయములందు ఎనిమిది మొదలు పది వఱకుఁ గల శతాబ్దుల శాసనములు గలవు. ఆ కాలమున నీ ప్రాంతమునఁ బుణ్యయాత్రలు నడచుచుండెననుట కవి యనుకూలములు. పాట చెప్పుచున్నది యాత్రికులని. అస్థులు చెప్పుచున్నవి సేన గాదని, స్త్రీపురుషు లిరువురును గలరని, కొందఱి తలలపైఁ బైనుండి దెబ్బ పడినదని. ఇంతవఱకు రెండు సాక్ష్యములును గలిసి నడచును.

ఇంతకు మించి పోవుటలోనే యాపద గలదు. జసధవళనామము సంస్కృతమున యశోధవళ మగును. కాన్యకుబ్జమును ఎనిమిదవ శతాబ్దిపూర్వార్ధమున యశోవర్మ యనువాఁ డేలెను. మృతులలో నొకని కాలము 675–769 నడుమ నుండుటఁ జూచి, యశోధవళుఁడే యశోవర్మ యని వ్రాయుటకుఁ గలము త్వరపడును. అది కూడదు. పేళ్లలోఁ బూర్వపదము మాత్రమే సమానము. యశశ్శబ్దముతో మొదలగు రాజనామములు పెక్కు గలవు. మృతులలోఁ గొందఱి కాలము పదవ శతాబ్దివఱకు సాగుచున్నది. తొమ్మిదవ శతాబ్దిలోఁ గనౌజు ప్రతీహారుల రాజధాని. ప్రసిద్ధులైన యా రాజులలో యశోధవళనామము గలవాఁడు కానరాఁడు. పాటలోని కనౌజు, ఉత్తరదేశపు పాటలలో నంతటను దూరపు మహారాజ్యమునకు మాఱుపేరుగాఁ గూడ నుండవచ్చును. గ్రామగాయకుఁడు చరిత్రకారుఁ డగునని కోరుట తప్పు. అతఁడు చేయని పనిని చేసినట్లు చూపుట యంతకంటెఁ దప్పు.

స్త్రీల విషయమునఁ గూడ నిట్టి విచారణ యవసరము. వాణ్ గ్రామము దాఁటిన పిమ్మట స్త్రీలు పోరాదని పూర్వాచారము చెప్పుదురు. జసధవళుని దోషములలో నదియు నొకటి. అయినను 2019 లోఁ బరీక్షింపఁబడిన 38 మందిలో 15 మంది స్త్రీలు. దక్షిణాసియావారి మరణములు పలుకాలములవి యగుటచే, స్త్రీ లీ మార్గమున నడచుట యొక్క రాజు చేసిన యొక్క సాహసము గాదని తోఁచుచున్నది. నియమము వెనుకఁ గలిగినదై, కథ దానిని సమర్థించుటకుఁ జెప్పఁబడినదై యుండవచ్చును. లేక నియమము పూర్వమే యున్నను అందఱును బాటింపకుండిరేమో. ఎట్లైనను వడగండ్లవానకుఁ గారణము స్త్రీలు గారు. భాద్రపదపు మేఘము నియమపరునకును నియమభ్రష్టునకును భేద మెఱుఁగదు. మృతులపై దోషము మోపిన భాగమున మాత్రము పాట సాక్షి గాదు, తీర్పరి యగుచున్నది. ఆ తీర్పును జరిత్రము స్వీకరింప నక్కఱ లేదు.

శబ్దప్రమాణమునకుఁ దన విషయము గలదు. అనుమానమునకుఁ దన విషయము గలదు. పాట దారిని, ఋతువును, ఆపదను, భయమును మఱవక నిలిపినది. వేయియేండ్లలో నది సామాన్యమైన పని గాదు. కాలసంఖ్యను, జనసంఖ్యను, రాజనామమును నిలుపుట పాటకు ధర్మము గాదు. అస్థులు కాలమును, వంశమును, గాయమును దెలుపును. వారి మనసున దేవి యుండెనో వాణిజ్య ముండెనో తెలుపవు. ఒకదానిచే రెండవదాని పనిని జేయింపఁబోయినపుడే రూపకుండచరిత్రమున భ్రమలు పుట్టినవి. ప్రణవానందులవంటి పరిశ్రమశీలియు జసధవళుని పేరువద్దఁ ద్వరపడెను. 2004 నాఁటి పరిశోధకులు కొన్ని కపాలములఁ జూచి యందఱి మరణమునకు నొక్క కారణము చెప్పిరి. త్వర యిరువైపులను గలదు.

ఈ త్వరవలని నష్టము గ్రంథములకే గాదు. రూపకుండపుఁ బ్రసిద్ధి పెరిగిన కొలఁదిఁ బర్వతయాత్రికులు పెక్కుఱు వచ్చి, యస్థులను గదలించి, కొన్నింటిని జ్ఞాపకచిహ్నములుగాఁ గొనిపోయిరి. ఏ యస్థి యే దేహమునకుఁ జెందినదో తెలియరాని స్థితి కలిగినది. 2018 లో ఉత్తరాఖండ హైకోర్టు బుగ్యాళ్లలో రాత్రివేళ విడియుటను నిషేధింపఁగా నా రాకపోకలు తగ్గినవి. కాని పోయిన యస్థి తిరిగి రాదు. పాట చెడినచో మఱియొక గ్రామపు పాఠముతో సరిచూడవచ్చును. అస్థికిఁ బాఠాంతరము లేదు. మధ్యధరావంశీయు లా యెత్తున కేల వచ్చిరి, ఏ ఋతువున వచ్చిరి యనుటకుఁ దగిన లేఖనసాక్ష్య మింతవఱకు దొరకలేదు. వారి కొఱకుఁ బాడువారు నా కొండలలో లేరు. ఆ కొలనియొద్ద మిగిలిన యస్థులు తప్ప వారికి వేఱు సాక్షి లేదు. కావున వానిని ఉన్నచోట నుండనిచ్చుట చరిత్రకును ధర్మమునకును సమ్మతము.